పాదరసం మీద మీ ఉత్తరాలు: తెల్లక్రీము, మృగశిర చేపలు, అవుసల పని

పోయిన నెల థైరాయిడ్ గురించి రాస్తూ, పాదరసం లాంటి లోహాలు కూడా ఆ గ్రంథిని ఇబ్బంది పెడతాయని ఒక్క ముక్క రాసి ముందుకు పోయాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని మీరు రాసిన ఉత్తరాలు చూస్తే అందరిదీ ఒకటే టెన్షన్: "నాకొచ్చిన థైరాయిడ్ పాదరసం వల్లనేనా?" చాలామందికి కాదు. మన దేశంలో ఎనిమిది నగరాల్లో, హైదరాబాద్ కూడా కలిపి, చేసిన పెద్ద సర్వేలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. అయోడిన్ ఉప్పు తినే మనలాంటి చోట్ల ఎక్కువగా కనిపించే కారణం ఒంట్లోని రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద దాడి చేయడం. వీళ్లందరి వెనకా పాదరసాన్ని నిలబెడితే అది అన్యాయం. అయితే రెండు మూడు ఇళ్లలో పాదరసం నిజంగానే ఉంది, కాకపోతే వాళ్లు వెతికిన చోట కాదు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే.

"డాక్టరమ్మా, నాకు 24 ఏళ్లు, హన్మకొండలో ఉంటాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని ఏడాదిన్నర కింద పార్లర్ అక్క ఒక క్రీము ఇచ్చింది. డబ్బా మీద కంపెనీ అడ్రసు లేదు, ఏమేం కలిపారో రాసి లేదు. రెండు వారాల్లోనే ముఖం తెల్లబడింది. మానేస్తే మాత్రం ముందుకన్నా నల్లగా అవుతున్నా, అందుకే మళ్లీ రాస్తున్నా. ఇప్పుడు థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువగా, 7.9 వచ్చింది, నెలసరి తప్పుతోంది, పొద్దున లేచేసరికి కండ్ల కింద ఉబ్బుతోంది. ఆ క్రీమే కారణమని అమ్మ అంటోంది. నిజమేనా?"

అమ్మ అనుమానం ఉత్తది కాదు బిడ్డా. అయితే ఆమె అనుకున్న తొవ్వలోనే జరిగిందా అన్నది చూడాలి, ఎందుకంటే అలాంటి డబ్బాలో హార్మోన్లను కదిలించేవి ఒకటి కాదు, రెండు ఉండొచ్చు.

ముందు పాదరసం సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి, పాదరసపు లవణాలు దాన్ని ఆపేస్తాయి, అందుకే పసుపు, శనగపిండి, పెద్ద కంపెనీల క్రీములు నెలల తరబడి రాసినా రాని తెలుపు పది పదిహేను రోజుల్లో వస్తుంది. అంత తొందరగా తెల్లబడటమే మొదటి అనుమానం. మానేయగానే ఎంజైము మళ్లీ లేస్తుంది, ముఖం నల్లబడుతుంది, భయపడి మళ్లీ రాస్తారు. మన దేశంలో ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కలపకూడదు, పొరపాటున చేరినా పది లక్షల వంతుల్లో ఒక్క వంతు, అంటే 1 పీపీఎం దాటకూడదు. దొంగ క్రీముల్లో అది వేలల్లో ఉంటుంది. కొన్ని డబ్బాల మీద "బంగారం, వెండి, అల్యూమినియం తగలనివ్వొద్దు" అని రాసి ఉంటుంది, ముఖానికి రాసుకునే క్రీముకు ఉంగరంతో గొడవేంటని ఎవరూ ఆలోచించరు, కానీ పాదరసం బంగారంతో కలిసిపోతుంది కాబట్టే ఆ మాట. "కాలోమెల్", "మెర్క్యురస్ క్లోరైడ్", "అమ్మోనియేటెడ్ మెర్క్యురీ" అన్న పేర్లు కనిపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఏ పేరూ లేకపోతే ఇంకా అనుమానించాలి.

చర్మంలోంచి అది రక్తంలోకి పోతుంది, అక్కడినుంచి ఎక్కువగా కిడ్నీల్లో చేరుతుంది. కొంత థైరాయిడ్‌లో, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో కూడా పేరుకుంటుంది. ఇది ఊహ కాదు, స్లోవేనియాలో ఇద్రియా అనే పాదరసపు గనుల ఊరుంది, అక్కడ చనిపోయిన గని కార్మికుల శరీరాలను 1970ల్లో పరీక్షించినప్పుడు, పని మానేసి ఏళ్లు గడిచినవాళ్లలో కూడా ఈ రెండు గ్రంథుల్లో పాదరసం చాలా ఎక్కువగా దొరికింది. థైరాయిడ్ గ్రంథి చేసే టీ4 దాదాపు ముడిసరుకే, కణాల్లో దానిలోంచి ఒక అయోడిన్ పరమాణువును ఊడదీస్తేనే అసలు పనిచేసే టీ3 అవుతుంది. ఆ ఊడదీసే ఎంజైములు సెలీనియం అనే ఖనిజం మీద ఆధారపడతాయి. పాదరసానికి సెలీనియం అన్నా గంధకం అన్నా విపరీతమైన ఆకర్షణ, దొరికిన చోటల్లా అతుక్కుపోతుంది. ల్యాబుల్లో, జంతువుల మీద ఇది బాగా కనిపించింది. మనుషుల సర్వేల్లో మాత్రం కొన్నింటిలో పాదరసం ఎక్కువున్నవాళ్లకు థైరాయిడ్ హార్మోన్లు కొంచెం తక్కువగా కనిపించాయి, కొన్నింటిలో ఏ తేడా లేదు. కాబట్టి నీ 7.9కి పాదరసమే కారణమని ఎవరైనా బల్లగుద్ది చెప్తే నమ్మకు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపింది టీఎస్‌హెచ్ కాదు, కండ్ల కింద ఉబ్బు. కేరళలో మలప్పురం వైపు కిడ్నీ డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. మూత్రంలో ప్రొటీన్ కారిపోయి ఒళ్లు ఉబ్బే జబ్బు అది, పేరు మెంబ్రేనస్ నెఫ్రోపతి. వాళ్లలో 15 మందికి ఆ జబ్బులో మామూలుగా తక్కువగా కనిపించే ఒక ప్రత్యేక రకం వచ్చింది, ఆ 15 మందిలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లే. ఇప్పుడు థైరాయిడ్‌కు దీనితో ముడి చూడు: మూత్రంలో ప్రొటీన్ కారిపోతున్నప్పుడు రక్తంలో థైరాయిడ్ హార్మోన్‌ను మోసుకెళ్లే ప్రొటీన్ కూడా, దానితో పాటు హార్మోన్ కూడా బయటికి పోతుంది. లోపల సరుకు తగ్గేసరికి పిట్యూటరీ టీఎస్‌హెచ్ పెంచుతుంది (టీఎస్‌హెచ్ అంటే, కూలీ పని తగ్గినప్పుడు మేస్త్రీ వేసే కేక అనుకో). అంటే పాదరసం గ్రంథిని ముట్టుకోకుండానే, కిడ్నీ దారిలో థైరాయిడ్ రిపోర్టును చెడగొట్టగలదు. పొద్దున మూత్రంలో నురగ వస్తోందా? సాయంత్రానికి కాళ్ల మీద వేలితో నొక్కితే గుంట పడుతోందా? వచ్చినా రాకపోయినా రేపే మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించు. ఏ ఊరి ల్యాబులోనైనా తక్కువ ఖర్చుతో అయిపోతుంది. క్రీము ముందే ఆపేస్తే ఈ కిడ్నీ జబ్బు చాలామందిలో తగ్గిపోతుంది, అదొక్కటి మంచి మాట.

ఇక రెండోది స్టెరాయిడ్. పార్లర్లలో చేతులు మారే క్రీముల్లో బీటామెథసోన్, క్లోబెటసోల్ లాంటివి కలపడం మామూలే. ముఖం పల్చగా, ఎర్రగా అవడం, మొటిమలు, నూగు వెంట్రుకలు పెరగడం, కొన్నాళ్లకు ఆపితే మంటపుట్టడం, ఇవన్నీ స్టెరాయిడ్ పనులు. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం రాస్తే అది ఒంట్లోకి ఇంకి, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత కార్టిసోల్ హార్మోన్ తయారు చేయడం తగ్గించేస్తాయి, నెలసరి కూడా గతి తప్పొచ్చు. నా లెక్కలో నీ నెలసరికి పాదరసం కన్నా థైరాయిడ్, స్టెరాయిడ్ ఈ రెండింటినే ముందు అనుమానించాలి. పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్లు గతి తప్పే సమస్య) ఉందేమో కూడా చూస్తారు.

చేయాల్సింది: క్రీము ఇవ్వాళే ఆపు, కానీ డబ్బా పారేయకు, మూత గట్టిగా పెట్టి కవర్లో చుట్టి డాక్టరుకు చూపించడానికి ఉంచు. చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు, ముఖం మండటం మొదలైతే ఎలా తగ్గించాలో వాళ్లకు తెలుసు, మళ్లీ పార్లర్ అక్కను అడగొద్దు. మూత్రంలో పాదరసం పరీక్ష రాయమని అడుగు, వరంగల్‌లో శాంపిల్ తీసుకుని పట్నం పంపించే ల్యాబులుంటాయి. క్రీములోని పాదరసానికి మూత్రమే సరైన పరీక్ష, రక్తం కాదు. థైరాయిడ్ పరీక్ష ఆరు వారాల తర్వాత మళ్లీ చేయించు, రోగనిరోధక శక్తి గ్రంథి మీద దాడి చేస్తోందా అని చెప్పే యాంటీబాడీల పరీక్ష కూడా. జుట్టు కోసమని బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపు, అవి టీఎస్‌హెచ్ రీడింగును తప్పుగా చూపిస్తాయి.

ఇంకో మాట, నీ తువ్వాలు, దిండుగలీబు ఇంట్లో చిన్నపిల్లలెవరైనా వాడుతున్నారా? అమెరికాలో క్రీము రాసుకున్న తల్లుల ఇళ్లలో, క్రీము ఎప్పుడూ ముట్టని పిల్లల మూత్రంలో కూడా పాదరసం దొరికింది. తువ్వాళ్లు, గలీబులు మార్చేయి.

సంబంధాల సంగతి నేను మాట్లాడకూడదు గానీ, ఒకటి అనకుండా ఉండలేను: నీ రంగు చూసి వెనక్కి పోయేవాళ్లు పోనీ.

"మాది గోదావరిఖని. మా మిద్దె మీదికెక్కితే పవర్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపిస్తాయి. నా భార్యకు మూడో నెల. మృగశిర కార్తెకు చేపలు తెస్తే మా వదిన కొట్లాడింది, బొగ్గు పొగలో పాదరసం ఉంటుందట, అది నీళ్లలో పడి చేపల్లోకి వస్తుందట, కడుపులో బిడ్డ హార్మోన్లు దెబ్బతింటాయట. చేపలు బంద్ పెట్టాలా మేడం?"

మీ వదిన చదువుకున్న మనిషే, చెప్పిన సైన్సంతా కరెక్టు, కానీ చేపలు బంద్ పెట్టమనడం దగ్గర తొందరపడింది. బొగ్గులో పాదరసం కొద్దికొద్దిగా ఉంటుంది, మండినప్పుడు ఆవిరై కొంత బూడిదలో చిక్కుకుంటుంది, కొంత గొట్టంలోంచి పైకి పోతుంది. పైకి పోయిందంతా మీ ఊళ్లోనే పడదు, గాలితో వేల కిలోమీటర్లు పోతుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో థర్మల్ ప్లాంట్ల పొగలో పాదరసానికి హద్దు పెట్టింది కూడా, ఘనపు మీటరుకు 0.03 మిల్లీగ్రాములు.

నీళ్లలో, బురదలో కొన్ని బాక్టీరియాలు దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి, ఇదే అసలు ప్రమాదకరమైన రూపం. నాచును పురుగు తిని, పురుగును చిన్నచేప తిని, చిన్నచేపను పెద్దచేప తిని, మెట్టు మెట్టుకూ అది పెరుగుతూ పోతుంది. జపాన్‌లో మినమాటా అనే సముద్రపు ఊరు దగ్గర ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన చేపలు తిని 1956లో బయటపడ్డ జబ్బు ఇదే, బాగున్న తల్లులకు కూడా మెదడు దెబ్బతిన్న పిల్లలు పుట్టారు. మిథైల్ మెర్క్యురీ మాయను దాటి బిడ్డకు చేరుతుంది, బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది. మొదటి మూడు నెలలూ బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచేయదు, తల్లిదే దిక్కు, అందుకే హార్మోన్ల మాట కూడా వస్తుంది. కానీ బిడ్డ విషయంలో పాదరసం మీద గట్టి రుజువులున్నది మెదడుకు చేసే నష్టం మీద, హార్మోన్ల కన్నా అదే ముందు.

మరి ఏ చేప? ఎక్కువ పాదరసం ఉండేవి పెద్ద సముద్రపు వేటచేపలు, సొర, కత్తిచేప లాంటివి. మీకు మృగశిరకు దొరికే రవ్వ, బొచ్చె, బంగారుతీగ ఇతర చేపల్ని వేటాడేవి కావు, చెరువులో ఒకటి రెండేళ్లు పెరిగి బుట్టకెక్కేవి, వాటిలో పాదరసం పోగయ్యే సమయమే తక్కువ. కొర్రమీను, వాలుగ వేటచేపలే, అవైనా మానాల్సిన పనిలేదు, బాగా పెద్దవి రోజూ తినకుండా ఉంటే చాలు. బూడిద చెరువుల పక్కన, ప్లాంటు నీళ్లు కలిసే చోట పట్టినవి మాత్రం కొనొద్దు, పాదరసం ఒక్కటే కాదు, అక్కడ వేరే లోహాలు కూడా ఉంటాయి. వేయించినా, ఉడికించినా, తోలు తీసినా మిథైల్ మెర్క్యురీ పోదు, అది కండలోనే ఉంటుంది, కాబట్టి ఆ ఉపాయాలు వద్దు. వారానికి రెండుసార్లు చిన్న, మధ్యరకం చేపలు తింటే అయోడిన్, సెలీనియం, ప్రొటీన్ అన్నీ వస్తాయి. గర్భిణికి చేపలు మాన్పించి పప్పుచారుతో సరిపెట్టడం వల్ల జరిగే నష్టమే ఎక్కువ. అన్నట్టు, చైనాలో గుయ్‌ఝౌ వైపు పాత పాదరసపు గనుల దగ్గర వరి అన్నంలోనే మిథైల్ మెర్క్యురీ దొరికింది, నీళ్లు నిలబడ్డ మడిలో కూడా ఆ బాక్టీరియాలు బతుకుతాయి. అది గనుల మట్టిలో పండిన వరి సంగతి, మీ సన్నబియ్యం మీద అనుమానం పెట్టుకోకండి, వదినకైతే ఈ ముక్క చెప్పకండి.

ఇంట్లో తెల్లక్రీము ఏదైనా వాడుతున్నారా అని మాత్రం మీ భార్యను అడగండి. చేప కన్నా అది ముందు చూసుకోవాల్సింది.

"మేడం, మాది కరీంనగర్. మా ఆయనది అవుసల పని. గిరాకీ తగ్గాక, బంగారం దుకాణాల్లో ఊడ్చిన దుమ్ము కొనుక్కొచ్చి ఇంటి వెనక కడిగి, పాదరసం పోసి కలిపి, బట్టలో పిండి, మిగిలిన ముద్దను పొయ్యి మీద కాలుస్తాడు. రేకుల షెడ్డు, కిటికీ లేదు. ఏడాది నుంచి చెమటలు, గుండె దడ, బీపీ 160, చేతులు వణుకుడు, నిద్ర లేదు, చిన్న మాటకే కోపం. ఆర్ఎంపీ థైరాయిడ్ ఎక్కువైందన్నాడు, పరీక్షలో నార్మల్ వచ్చింది. మా పెద్దోడు బడి నుంచి రాగానే వాళ్ల నాన్న పక్కనే కూసుంటాడు."

వచ్చిన ఉత్తరాలన్నింటిలో నేను మళ్లీ మళ్లీ చదివింది ఇది. అమ్మా, ఈ పత్రిక చేతిలో ఉన్నప్పుడే ముందు బాబును ఆ షెడ్డు దగ్గరికి పోనివ్వకండి, మిగతాది తర్వాత చదవండి.

దుమ్ములో కంటికి కనపడనంత సన్నగా ఉన్న బంగారాన్ని పాదరసం పట్టుకుని ముద్దవుతుంది, ఆ ముద్దను కాలిస్తే పాదరసం ఆవిరై పోయి బంగారం మిగులుతుంది. ఆవిరి ఎక్కడికి పోతుంది? కిటికీ లేని షెడ్డులో ఊపిరితిత్తుల్లోకే. ఇలాంటి ద్రవ పాదరసం మింగితే పేగుల్లోంచి ఒంట్లోకి పోయేది దాదాపు ఏమీ ఉండదు, కానీ ఆవిరిగా పీలిస్తే అందులో సుమారు 80 శాతం రక్తంలో చేరిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లు మండవు, దగ్గు కూడా మొదట్లో రాదు. అందుకే ఏళ్ల తరబడి చేసినా ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు హార్మోన్ల సంగతి, ఆర్ఎంపీ ఎందుకు పొరబడ్డాడో కూడా తెలుస్తుంది. చెమట, దడ, వణుకు, కోపం, నిద్రలేమి చూస్తే థైరాయిడ్ ఎక్కువైనట్టే ఉంటుంది. కానీ ఆడ్రినలిన్, నార్‌ఆడ్రినలిన్ అనే ఒత్తిడి హార్మోన్లు పని అయిపోయాక విరిగిపోవాలి, వాటిని విరిచే ఒక ఎంజైమును పాదరసం అడ్డుకుంటుంది. అవి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి, బీపీ పెరుగుతుంది, గుండె పరుగెత్తుతుంది. పిల్లల్లో ఇదే పరిస్థితిని అడ్రినల్ గ్రంథిలో గడ్డ ఉందేమోనని పొరబడి స్కానింగుల దాకా పోయిన కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి, మూత్రంలో ఆ హార్మోన్లు కూడా ఎక్కువగానే వస్తాయి కాబట్టి. చేతులూ కాళ్లూ గులాబీ రంగులోకి మారి, చర్మం పొట్టు రాలి, పిల్లలు వెలుతురు చూడలేక ఏడ్చే జబ్బు ఒకటి వందేళ్ల కింద యూరప్‌లో, ఆస్ట్రేలియాలో వేల మంది పిల్లలకు వచ్చేది, పింక్ డిసీజ్ అనేవాళ్లు. పండ్లు వచ్చేటప్పుడు చిగుళ్లకు రాసే పొడిలో కాలోమెల్ అనే పాదరసపు లవణం కలిపేవాళ్లు, 1950ల్లో ఆ పొడి ఆపేశారు, జబ్బు దాదాపు మాయమైంది. మీ బాబు అరచేతులు ఎర్రగా ఉన్నాయా, పొట్టు రాలుతోందా, ఊరికే చెమట పడుతోందా, చదువు మీద ధ్యాస తగ్గిందా చూడండి.

థైరాయిడ్ నార్మల్ వచ్చిందని ఊరుకోకుండా పెద్దాసుపత్రిలో జనరల్ మెడిసిన్ డాక్టరు దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లండి. పోగానే చెప్పాల్సిన మొదటి మాట చెమట కాదు, "ఇంట్లో పాదరసం కాలుస్తాం" అని. అది మీరు చెప్పకపోతే ఎంత పెద్ద డాక్టరుకైనా తట్టదు. 24 గంటల మూత్రంలో పాదరసం, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ పరీక్షలు చేస్తారు. పాదరసంతో పని లేనివాళ్ల మూత్రంలో అది చాలా తక్కువ ఉంటుంది, లీటరుకు 20 మైక్రోగ్రాములు దాటితే చాలా ల్యాబులు ఎక్కువ అంటాయి. పీల్చడం ఆపేస్తే ఒంట్లో ఉన్నది సుమారు రెండు నెలలకోసారి సగానికి సగం తగ్గుతూ వస్తుంది. బాగా ఎక్కువుంటే పాదరసాన్ని పట్టుకుని మూత్రంలోకి పంపే మందులున్నాయి, అవి ఆసుపత్రిలో డాక్టరు చేతి మీదుగానే వాడాలి.

మీ ఆయనతో గొడవ పెట్టుకోకండి, ఇల్లు గడవడానికి చేస్తున్న పని అది. ఇంట్లో కాల్చడం మాత్రం ఇక ఒక్కరోజు కూడా వద్దు. మాస్కు కట్టుకుంటా అంటాడు, గుడ్డ మాస్కూ మెడికల్ షాపు మాస్కూ ఆవిరిని ఆపవు. పని బట్టలు ఇంట్లోకి తేవొద్దు, పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు, ఆ షెడ్డులో బియ్యం బస్తాలో, వంట సామానో ఉంటే తీసేయండి. దుమ్మును కడిగి, పాదరసం దాకా రాకుండా ఆ మట్టినే పెద్ద రిఫైనరీ వాళ్లకు అమ్మే దారి ఉందేమో అడగమనండి, రూపాయి తక్కువ వస్తుంది, రానీ.

"మా నాన్నకు షుగర్. జనగామ దగ్గర ఒకాయన ఎర్రపొడి పొట్లాలు ఇస్తాడు, సిందూరం అంటాడు, పాదరసం శుద్ధి చేసి చేసింది కాబట్టి ఏం కాదట. వాడుతుంటే షుగర్ తగ్గింది కూడా. కొనసాగించొచ్చా?"

పాదరసాన్ని గంధకంతో కలిపి చేసే మందులు మన పాత వైద్యంలో ఉన్నాయి, గంధకంతో కలిసిన రూపం నీళ్లలో కరగదు, అందుకే మామూలు లవణాలంత తొందరగా ఒంట్లోకి ఇంకదు. ఇంతవరకు ఆయన మాటలో కొంత నిజముంది. కానీ తక్కువ ఇంకుతుంది అంటే అస్సలు ఇంకదని కాదు, పైగా చేతి పొట్లంలో శుద్ధి ఎంతవరకు జరిగిందో చూసేదెవరు? 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదానిలో సీసమో, పాదరసమో, ఆర్సెనికో దొరికింది, లోహాలతో చేసే మందుల్లో ఇంకా ఎక్కువ. షుగర్ తగ్గింది అన్నారు కదా, పేరులేని పొడుల్లో ఇంగ్లీషు షుగర్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు దొరికాయి, అలాగైతే తగ్గదా మరి. పాదరసం మాత్రం షుగర్ తగ్గించే మందు కాదు, జంతువుల మీద, కణాల మీద ప్రయోగాల్లో అది ఇన్సులిన్ చేసే కణాలనే దెబ్బతీసింది. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీ ఇప్పటికే నలుగుతుంటుంది, దాని మీద ఇంకో బరువెందుకు. ఆయుర్వేదమే కావాలంటే డిగ్రీ ఉన్న వైద్యుడి దగ్గర, లైసెన్సు నంబరు ఉన్న సీసాలో తీసుకోండి. పొట్లం ఆపాక షుగర్ ఒక్కసారిగా పెరగొచ్చు, డాక్టరుకు చెప్పి ఆపండి, మొదటి వారం రోజూ చూసుకోండి.

"నర్సంపేట నుంచి రాస్తున్నా. పన్నులో పాత వెండి ఫిల్లింగులు మూడున్నాయి, థైరాయిడ్ కూడా ఉంది. అవి పీకించేసి, ఒక వీడియోలో చెప్పిన డిటాక్స్ పొడి, సెలీనియం మాత్రలు వాడితే థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా?"

మానేయొద్దు. ఆ ఫిల్లింగుల్లో సగం పాదరసమే, నమిలినప్పుడు కొద్దిగా ఆవిరి వస్తుంది, అది రోజుకు కొన్ని మైక్రోగ్రాములు. దంతవైద్యుల పిట్యూటరీలో మామూలువాళ్ల కన్నా ఎక్కువ పాదరసం దొరికింది, నిజమే, కానీ వాళ్లు రోజంతా దానితోనే పనిచేసినవాళ్లు. యూరప్‌లో 2025 జనవరి నుంచి కొత్తగా ఈ ఫిల్లింగు వేయడం దాదాపు ఆపేశారు, దానికి పర్యావరణం కూడా పెద్ద కారణం. బాగున్న ఫిల్లింగును డ్రిల్ చేసి పీకితే ఆ కొన్ని నిమిషాల్లో మామూలుకన్నా ఎక్కువ ఆవిరి పీలుస్తారు. చెడిపోయినప్పుడు తెల్లరకం వేయించుకోండి, అంతే. సెలీనియం రోజుకు 400 మైక్రోగ్రాములు దాటితే జుట్టు రాలుతుంది, గోర్లు విరుగుతాయి, థైరాయిడ్ వల్లనే రాలుతోందని మీరు ఇంకో మాత్ర పెంచుతారు. డిటాక్స్ పొడి డబ్బుతో రోజూ గుడ్డు తినండి. ముందు పాదరసాన్ని మూత్రంలోకి లాగే మందిచ్చి తర్వాత మూత్రంలో పాదరసం ఎక్కువొచ్చిందని చూపించే ల్యాబు రిపోర్టులుంటాయి, ఎవరైనా అలా చేస్తే నమ్మొద్దు, ఆ మందు వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఎక్కువే వస్తుంది.

"పెండ్లయి మూడేళ్లు, పిల్లలు కాలేదు. నేను ట్యూబులైట్ల గోదాములో పనిచేస్తా. పాదరసం వల్ల మగవాళ్లకు సమస్య వస్తుందా?" (భూపాలపల్లి)

జంతువుల్లో ఎక్కువ మోతాదులో టెస్టోస్టెరాన్, వీర్యకణాలు తగ్గాయి. మనుషుల్లో ఫలితాలు ఒక్కతీరుగా లేవు. ఒక చిన్న సీఎఫ్ఎల్ బల్బులో ఉండేది కొన్ని మిల్లీగ్రాములే, పగలకుండా ఉంటే ఏమీ బయటికి రాదు, కుప్పలుగా పగిలే చోట పనిచేస్తుంటే మాత్రం గాలి ఆడేలా చూసుకోండి. వీర్యపరీక్ష ముందు చేయించుకోండి, భార్య పరీక్షలు అయ్యాక మీ వంతు అని ఆగకండి.

"మంచిర్యాల. జ్వరం చూస్తుంటే పాత థర్మామీటర్ నోట్లోనే పగిలింది, నాలుగేళ్ల పాప గుటక వేసింది. కొంచెం నేల మీద పడింది. ఏం చేయాలి?"

ఇది ఉత్తరం రాసి అడిగే ప్రశ్న కాదు తల్లీ, ఈపాటికి పాప బాగానే ఉండి ఉంటుంది, ఇంకోసారి ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మింగిన పాదరసం అర గ్రాము, గ్రాము ఉంటుంది, అది మలంలోనే పోతుంది, వాంతి చేయించొద్దు. గాజు ముక్క నోట్లోగానీ గొంతులోగానీ గుచ్చుకుందా అన్నదే చూడాలి, రక్తం వస్తే, మింగడానికి నొప్పంటే ఆసుపత్రికి. అసలు జాగ్రత్త నేల మీద పడినదానితో. పిల్లల్ని, కోళ్లను బయటికి పంపండి, కిటికీలు తీయండి, ఫ్యాన్ ఆపండి. చేతి గాజులు, ఉంగరం, మెడలో పుస్తెలతాడు తీసి పక్కన పెట్టండి, పాదరసం తగిలితే బంగారం తెల్లగా అయిపోతుంది. చీపురు పట్టొద్దు, ఊడిస్తే చిన్న చుక్కలై మూలమూలకూ పోతాయి, వ్యాక్యూమ్ క్లీనర్ అయితే ఆవిరి చేసి గదంతా చల్లుతుంది. రెండు గట్టి అట్టముక్కలతో గుండ్లను ఒకచోటికి నెట్టి, సిరా ఫిల్లర్ లాంటిదానితో పీల్చి, కొన్ని నీళ్లు పోసిన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించండి. మిగిలిన చుక్కలకు టేపు అంటించి లాగండి. టార్చి అడ్డంగా పట్టి చూస్తే బండల సందుల్లో మెరిసేవి కనిపిస్తాయి. మోరీలో పోయొద్దు, పొయ్యిలో వేయొద్దు. సీసాను దగ్గర్లోని ఆసుపత్రిలో ఇచ్చి, పాదరసమని చెప్పి, ప్రమాదకరమైన చెత్త కింద విడిగా పంపమనండి. కొత్తది డిజిటల్ థర్మామీటర్ కొనండి.